సువార్తమ్మ చెప్పని మనవి

పిల్లలూ, ఇట్రండి, దగ్గరగా కూర్చోండి. అనగనగా వెదురుపొదలు దట్టంగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడిక పెట్టుకునేవి. అచ్చం మన కూడికల్లాగే! ముందు పాట. తర్వాత తాబేలు తాత లేచి, "మనవులేమన్నా ఉంటే చెప్పండమ్మా" అనేవాడు. ఒకళ్ళు కడుపునొప్పనేవాళ్ళు, ఒకళ్ళు గూడు పడిపోయిందనేవాళ్ళు. అందరూ ప్రార్థన చేసి, అయ్యాక వెళ్ళి చేతనైన సాయం చేసొచ్చేవాళ్ళు.

అక్కడ సువార్తమ్మ అని ఒక జింక ఉండేది. ప్రార్థన మొదలెట్టిందంటే గుక్క తిప్పుకోదు. అందరి కోసమూ చేసేది, అది నిజమే. కానీ తన కోసం ఒక్క మనవి కూడా చెప్పేది కాదు. "విశ్వాసం చాలనోళ్ళు చెప్పుకుంటారు మనవులు. నాకెందుకు?" అనేది.

వెనకాల కొమ్మ మీద యోనా అనే కోతి కూర్చునేవాడు. వాడికి పళ్ళు దొంగిలించే జబ్బు. వారంవారం కూడికలో తప్పు ఒప్పుకుని ఏడ్చేవాడు, మళ్ళీ దొంగిలించేవాడు.

"ఏం యోనా, ఈ వారం ఎవరి మామిడిపళ్ళ గురించి ఏడుపు?" అని సువార్తమ్మ దెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు. యోనా తల దించుకునేవాడు.

ఒకరోజు సువార్తమ్మ కూతురు రూతు కాల్లో తుమ్మముల్లు దిగింది. జింకకి వేళ్ళుండవు కదా, ఎలా తీస్తుంది? నాకింది. నోటితో లాగింది. ఊహూ, రాలేదు.

ఆ శుక్రవారం తాత అడిగాడు. "సువార్తమ్మా, నీకేమన్నా మనవి ఉందా?"

"దేవుడి కృప, మా ఇంట్లో ఏ లోటూ లేదండి" అంది.

మరుసటి వారానికి కాలు వాచిపోయింది.

"అమ్మా, యోనా మామని పిలవవే. ఆయనకి వేళ్ళున్నాయి కదా" అంది రూతు.

"ఆ దొంగ చేతులా? వద్దు. నేనిన్ని ఉపవాసాలుంటున్నాను, దేవుడు నా మాట కాదంటాడా?"

కూడికలో తాత మళ్ళీ అడిగాడు. "ఏమీ లేదండి, స్తోత్రం" అంది. ఆమెన్ అనీ అనకముందే ఇంటికి బయల్దేరింది.

మూడో శుక్రవారం రూతు లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. సువార్తమ్మ పరిగెత్తుకుంటూ కూడికకి వచ్చి, పాట మధ్యలోనే కూలబడింది.

"నా బిడ్డ! ఎవరన్నా రండి నాయనా! యోనా, నీ కాళ్ళు పట్టుకుంటాను, రా!"

యోనా కొమ్మకొమ్మా దూకుతూ వెళ్ళాడు. ముల్లు లాగాడు. ఇట్టే వచ్చేసింది పిల్లలూ! కానీ అప్పటికే పుండు చీము పట్టి, విషం ఒళ్ళంతా పాకింది.

"నొప్పి తగ్గిందమ్మా" అంది రూతు. పొద్దుగూకేలోపే కన్ను మూసింది.

దేవుడు కోపంతో చంపేశాడనుకోకండమ్మా. అలా అనకూడదు. సాయం ఆ కొమ్మ మీదే ఉంది. అమ్మే అడగలేదు.

రూతుని మట్టిలో పెట్టాక అందరూ వెళ్ళిపోయారు. యోనా ఒక్కడే వెళ్ళలేదు.

"సువార్తమ్మా, నాదీ తప్పుంది. పాప కుంటటం నేను చూశాను. దగ్గరికొస్తే నువ్వేమంటావోనని రాలేదు. నా రోషం నాకు అడ్డొచ్చింది" అన్నాడు.

సువార్తమ్మ కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. తర్వాత, "ఇలా రా నాయనా. నా పక్కన మోకాళ్ళూను. నా ఒక్కదానివల్ల కావట్లేదు" అంది.

ఇద్దరూ మోకరించారు. గుక్క తిప్పుకోకుండా ప్రార్థించే ఆవిడకి ఆ పూట మాటలు దొరకలేదు. "ప్రభువా, కరుణించు" అంది. మళ్ళీ అదే అంది. వెక్కుతూ యోనా కూడా అదే అన్నాడు.

సువార్తమ్మ లేవబోయింది. యోనా చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతి మీదే బరువంతా వేసి, మెల్లగా ఇంటికి నడిచింది.

నీతి: దేవుడి ముందు మన గొప్ప చెప్పుకోవడం ప్రార్థన కాదమ్మా, కరుణించమని అడగడమే ప్రార్థన, అడగడానికి అహం అడ్డొస్తే, ఆయన మన పక్కనే పెట్టిన సాయం కూడా మనకి అందదు.