పెసరమెట్టకు పెదకాపైన రాజుగారు

వెదురుగడ్డ రాజ్యం చిన్నది, దాన్ని ఏలే రణధవళ భూపతి తలపాగా పెద్దది. లోకంలోని న్యాయశాస్త్రమంతా ఆ తలపాగా కిందే ఉందని రాజుగారి నమ్మకం. ఆయనకు యుద్ధాలంటే ఆసక్తి లేదు, వేటకు వెళితే నడుంనొప్పి. తగాదాలు వినడమంటే మాత్రం ప్రాణం. వాదించే పండితులు ఇద్దరు దొరికితే భోజనం కూడా మరిచిపోయేవారు. అంతా విన్నాక మీసం సవరించుకుని, ఎవరికీ తోచని సందేహం ఒకటి తానే లేవదీసి, వాయిదా వేసేవారు. తీర్పు చెబితే తగాదా అయిపోతుంది కదా.

ఆ కొలువులో మాచన అని ఒకడుండేవాడు. మంత్రీ కాడు, కవీ కాడు. రాజుగారికి విసుగు పుడితే నవ్వించడం, కోపం వస్తే చల్లార్చడం అతని ఉద్యోగం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర బెత్తం దెబ్బలు తిన్నారు. అందుకే మాచనకు రాజుగారి గొప్పలంటే నవ్వే గాని రోత లేదు.

కోటకు కూతవేటు దూరంలో పెసరమెట్ట అనే ఊరుంది. ఊరి పెత్తనం చేసేవాణ్ణి అక్కడ పెదకాపు అంటారు. పెదకాపుగా ఉన్న ఓబులకాపు ఒకరోజు చేలో కూలబడి, ఎవరితోనూ ఏమీ చెప్పకుండానే కన్నుమూశాడు. ఆయనకు ఇద్దరు భార్యలు. పెద్దభార్య నాగులమ్మ కొడుకు మల్లప్ప. చిన్నభార్య గురవమ్మ కొడుకు బసవన్న. చిక్కల్లా ఏమిటంటే, ముందు పుట్టింది చిన్నభార్య కొడుకు.

పెద్దభార్య కొడుకు పెద్దవాడా, ముందు పుట్టినవాడు పెద్దవాడా? ఇలాంటి తగాదా కోసమే రాజుగారు పుట్టారు. కొడుకులిద్దరూ చెరో పండితుణ్ణి పట్టుకున్నారు. విచారణ మొదలై రెండో ఏడు నడుస్తోంది. కొడుకులిద్దరూ సేద్యం వదిలేసి కోట వాకిట్లోనే కాపురం పెట్టారు. తల్లులిద్దరూ మాత్రం ఊళ్ళో ఒకే పొయ్యి మీద వండుకుని, కొడుకులిద్దరికీ కలిపి ఒకే మూటలో సద్ది పంపుతున్నారు. సభ ముగిశాక వాళ్ళిద్దరూ మొహాలు చెరో పక్కకు తిప్పుకుని, ఆ మూట దగ్గరే కూర్చుని తినేవారు.

ఒకరోజు విచారణ జోరుగా సాగుతుండగా నాగులమ్మ, గురవమ్మ సభలోకి వచ్చారు. కాళ్ళకు నల్లరేగడి మట్టి.

"దొరా, వాన పడింది" అంది నాగులమ్మ.

రాజుగారు కనుబొమలు ముడిచారు. "ఇక్కడ వాదం వాన గురించి కాదమ్మా."

"మేమొచ్చింది వాన గురించే దొరా. మా ఊళ్ళో పెదకాపు నాగలి కట్టి మొదటి సాలు తోలితేగాని ఇంకెవ్వరూ నాగలి కట్టరు. ఇది తాతల నాటి కట్టుబాటు. పోయినేడు పెదకాపు లేక పదును ఆరిపోయింది. సగం చేలు బీడు పడినాయి. ఈ ఏడూ అంతే అయితే ఊళ్ళో గింజ ఉండదు. ఇద్దర్లో ఎవరైనా సరే, ఒకణ్ణి పంపించండి."

"ఎవరైనా సరేనా?" రాజుగారు నొచ్చుకున్నారు. "తల్లివై ఉండి ఆ మాటనవచ్చునా? నీ కొడుకు హక్కు మాటేమిటి?"

"నేలలో తడి ఉన్నన్నాళ్ళే దొరా ఎవరి హక్కైనా."

రాజుగారు తల పంకించారు. "న్యాయం వానను చూసి తొందరపడదు. వివాహాల్లో మొదటిది శాస్త్రోక్తంగా జరిగిందా లేదా అన్న సందేహం ఇప్పుడే నాకు తట్టింది. పైనెలకు వాయిదా."

పండితులిద్దరూ భేష్ అన్నారు. గురవమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. నాగులమ్మ మొహంలో ఏడుపు లేదు. ఎండిన చేను కళ్ళ ముందు కనబడుతున్న మనిషిలా నిలబడిపోయింది. మాచనకు ఆ నిలబడటం నచ్చలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. దీనికి ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

మాచన లేచి, ఏమీ ఎరగనివాడిలా అడిగాడు. "ప్రభూ, అయితే అందాకా పెసరమెట్ట పెదకాపు పదవి ఖాళీగా ఉన్నట్టేనా?"

"ఖాళీయా?" రాజుగారి తలపాగా కదిలింది. "నా రాజ్యంలో ఖాళీ పదవి అనేది లేదు మాచనా. ఏ పదవిలో మనిషి లేకపోయినా ఆ అధికారం నాలో నిలిచి ఉంటుంది. మా తాతగారు వేయించిన శాసనమిది. పండితులను అడుగు."

పండితులిద్దరూ రెండేళ్ళలో మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు. అది అలంఘనీయమైన శాసనమన్నారు.

"అంటే ఈ క్షణాన పెసరమెట్ట పెదకాపు..."

"నేనే."

"ఈ మాట ఊళ్ళో దండోరా వేయించమంటారా?"

"తప్పకుండా. నలుగురికీ తెలియాలి."

సభ ముగిశాక మాచన తల్లులిద్దరి వెనకే వాకిట్లోకి వచ్చాడు. "పెదకాపు లేడని ఇంక బాధపడకండమ్మా. కోటలో ఉన్నాడు. పెదకాపుతో చెప్పుకునే పనులు ఊళ్ళో చాలా పేరుకుపోయి ఉంటాయి కదా."

నాగులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "పేరుకున్నాయా అంటే... గేదెలదొకటి, గట్లవి బోలెడు, నరసుగాడి పెళ్ళాం పుట్టింటికి పోయిన సంగతొకటి. ఆయన తీరుస్తాడా ఇవన్నీ?"

"శాసనం ఉందిగా."

"మరి మొదటి సాలు?"

"అదీ ఆయనే."

గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగులమ్మ నవ్వలేదు గాని నడక మారింది.

మర్నాడు తెల్లవారగానే కోట వాకిట్లో గేదె అరిచింది. గేదె వెనక ఇద్దరు ఆసాములు, వాళ్ళ వెనక ఊరు. కావలివాళ్ళు ఆపబోతే, పెదకాపు ఇంటికి కావలేమిటని ఊరి తలారి చెన్నడు గద్దించాడు. తలారి అంటే పెదకాపు చేతికింద మనిషి. ఊళ్ళోవాళ్ళ మంచిచెడ్డలు మోసుకు తిరగడం వాడి పని. పెదకాపు కోటలో ఉంటే తానూ కోటలో ఉండాల్సినవాణ్ణేనని వాడి లెక్క.

రాజుగారు కళ్ళు నులుముకుంటూ వచ్చారు. తలపాగా చుట్టుకోవడానికి వ్యవధి లేకపోయింది.

"ఇంకా పడుకున్నావా పెదకాపూ?" అన్నాడు ఒక ఆసామి. "ఓబులకాపైతే ఈ పాటికి చేలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. ఇదిగో, వీడి గేదె నా సొరపాదు మేసింది."

రాజుగారు గంభీరంగా కూర్చున్నారు. "వాది తన వాదం వినిపించుగాక."

"వాదమేంది? వచ్చి పాదు చూసి చెప్పాల."

రాజుగారు మాచనను పక్కకు పిలిచారు. "ఏమిటిదంతా?"

"తాతగారి శాసనం ప్రభూ. మరీ కష్టమనిపిస్తే పదవి ఖాళీగా ఉందని చెప్పేద్దాం. జనం వెళ్ళిపోతారు."

రాజుగారు ఆ మాట అనలేరని మాచనకు తెలుసు. ఆయన కాసేపు పళ్ళు నూరుకుని, తలపాగా, చెప్పులు తెమ్మన్నారు.

పెసరమెట్టలో రాజుగారు సొరపాదు చూశారు. పక్కకు జరిపిన గట్టు చూశారు. నరసు అత్తవారింటికి వెళ్ళి, వాడి పెళ్ళానికి నచ్చజెప్పబోయి, ఆమె చేత నాలుగు మాటలు పడ్డారు. ప్రతి తగాదా దగ్గరా ఆయన పెద్దగా గొంతు సవరించుకునేవారు. ఏమనాలో తోచక ఆగేవారు. వెనక నుంచి నాగులమ్మ చిన్నగా ఏదో అనేది. ఆయన అదే పెద్దగా చెప్పేవారు. జనం సరేనని వెళ్ళిపోయేవారు.

అప్పుడు ఎడ్లను తెచ్చారు. నల్లటి చేను తడితో మెరుస్తోంది. పదవి ఎక్కడ చెయ్యిజారుతుందోనని కొడుకులిద్దరూ పండితులను వెంటబెట్టుకుని అప్పటికే వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. చెన్నడు రాజుగారి చేతికి ములుగర్ర ఇచ్చాడు. ఎడ్లను అదిలించే కర్ర అది, పెదకాపు పెత్తనానికి గుర్తు. రాజుగారు పంచె ఎగగట్టి నాగలి మేడి పట్టుకున్నారు.

ఎడ్లు నాలుగడుగులు తిన్నగా వేశాయి. ఆ తర్వాత తూర్పున చొప్పవామి కనబడింది. సాలు అటు తిరిగింది. రాజుగారు ఎడ్లను రాజభాషలో మందలించారు. ఎడ్లు వినలేదు.

"మేడి అట్లా నొక్కగూడదు దొరా" అన్నాడు బసవన్న ఉండబట్టలేక. "నాగలి దిగబడతాది."

"నొక్కడం కాదురా, కుడి ఎద్దును పట్టాల ముందు" అంటూ మల్లప్ప దిగాడు.

ఒకడు ఎద్దును పట్టాడు, ఇంకొకడు రాజుగారి చేతి మీద చెయ్యి వేసి మేడి సరిచేశాడు. రెండేళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఎద్దు గురించి తిట్టుకుంటూ చేను చివరిదాకా వెళ్ళారు. సాలు పాము పాకినట్టుంది. ఊరు ఈల వేసింది.

"మొదటేడు ఎవరికైనా అంతే" అని రాజుగారిని గురవమ్మ ఓదార్చి, మజ్జిగ ముంత ఇచ్చింది.

రాజుగారు అది గటగటా తాగి గట్టు మీద కూలబడ్డారు. అరచేతులు బొబ్బలెక్కాయి. దూరం నుంచి ఇంకెవరో మేకను లాక్కుంటూ, అరుచుకుంటూ వస్తున్నారు.

"చెన్నా, ఈ పెత్తనం ఎలా దిగుతుంది?"

"మామూలే దొరా. పెదకాపు బతికుండగా పదిమందిలో ములుగర్ర ఎవరి చేతికిస్తే ఇక వాళ్ళే పెదకాపు. ఓబులకాపు ఇయ్యకుండానే పోయినాడు, అందుకే గదా ఈ గొడవంతా."

రాజుగారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. మాచన చూపు ఎడ్ల మీదికి తిప్పుకున్నాడు. తానక్కడ ఒక్క మాటన్నా పని చెడుతుంది. ఇది ఆయనకు ఆయనగా తట్టాలి.

పండితుల్లో ఒకాయనకు అనుమానం వచ్చింది. "ప్రభూ, వారసుల హక్కు ఇంకా తేలలేదు..."

"ఎవరి వారసులు?" అన్నారు రాజుగారు. ఆయన గొంతులోకి సభలోని నిండుతనం తిరిగి వచ్చింది. "పెదకాపును నేను. నా అధికారం అలంఘనీయమని నిన్న మీరే అన్నారు. ఓబులకాపు భార్యల పెళ్ళిళ్ళతో నాకేమిటి పని? ఆ వ్యాజ్యం కొట్టేశాను."

ఆ మాటతో తన రెండేళ్ళ తగాదా తానే ముగించేశానని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఒక్క క్షణం మొహం వాడింది. మేక దగ్గరకు వస్తోంది. ఆ మేక తగాదా ఇక తనది కాబోదని తోచి మొహం మళ్ళీ వికసించింది.

కొడుకులిద్దరూ ఆశగా చూస్తున్నారు. రాజుగారు వాళ్ళను దాటి వెనక్కి చూశారు. "పొద్దుటి నుంచి నా నోట తీర్పులు పలికించిన ఆవిడేది?"

నాగులమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"ఆడవాళ్ళకా?" అన్నాడు రెండో పండితుడు.

రాజుగారు తలారిని చూశారు. "ఇవ్వకూడదని ఉందా చెన్నా?"

"ఎవరూ ఇచ్చి చూడలేదు దొరా, అంతే."

ములుగర్ర నాగులమ్మ చేతికి వచ్చింది. ఆమె దాని బరువు చూసుకున్నట్టు ఒకసారి పైకీ కిందికీ ఆడించింది. తర్వాత దాన్ని కొడుకుల వైపు చూపింది.

"బసవా, నువ్వు పడమటి చేను. మల్లా, నువ్వు వాగుకడ. నా తర్వాత ఇదెవరికో పంటలు చూసి చెప్తాను. కోట గడప తొక్కినోడికి మాత్రం రాదు. కదలండి, పదును పోతాంది."

"పెద్దమ్మా, కుడి ఎద్దు నాకిస్తావా?" అన్నాడు బసవన్న.

"మీరిద్దరూ తేల్చుకోండి నాయనా. తేలకపోతే నా దగ్గరికి రండి, రెండూ లాక్కుంటాను."

ఊరంతా నాగళ్ళ కోసం పరిగెత్తింది. పండితులిద్దరూ ఎవరూ పిలవకుండానే కోటదారి పట్టారు.

రాజుగారు మాచన వైపు తిరిగారు. "నిన్న సభలో ఏమీ ఎరగనట్టు అడిగావే, పదవి ఖాళీయా అని. అంతా తెలిసే అడిగావు కదూ?"

"తెలియకుండా అడగడానికి ఏలినవారికి పండితులున్నారు ప్రభూ."

"నా చేత తిట్లు తినిపించావు. ఎద్దు తోక మొహాన కొట్టింది."

"పెదకాపుల మీద పెత్తనం చేసిన రాజులు చాలామంది ఉన్నారు. ఆ ఉద్యోగం చేసి, సజీవంగా బయటపడిన రాజు మీరొక్కరే."

రాజుగారికి ముందు మీసాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. గట్టు మీద కూర్చుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"ఏం కావాలి నీకు?" అన్నారు చివరికి. "వద్దులే, నువ్వు అడిగేది నాకు ప్రమాదం. నేనే ఇస్తాను. ఆ వేపచెట్టు పక్కనున్న కోట చేను ఇక నుంచి నీది."

మాచన చేతులు జోడించబోయాడు. భుజం మీద ములుగర్ర తగిలింది.

"వేపచెట్టు చేనా?" అంది నాగులమ్మ. "అయితే నువ్వూ నా ఊరి ఆసామివే. నిలబడి చూస్తావేమబ్బా? గొర్రు పట్టుకో. నీ చేలో రేపటికి పెసలు పడాల."

మాచన రాజుగారి వైపు దీనంగా చూశాడు.

"నేను చెప్పడానికేముంది మాచనా" అన్నారు రాజుగారు, తలపాగా సర్దుకుంటూ. "ఊళ్ళో పెదకాపు మాటే మాట." ఆయన నవ్వు వాగు అవతలి చేలదాకా వినబడింది.