ఆఖరి బండి కదిలిందా

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. ఊ కొట్టనివాళ్ళూ జరగండి, వినేదానికి చెవులుంటే చాలు.

ఎప్పటి మాటో సరిగ్గా చెప్పలేను. ఊరికొక్క గడియారం ఉన్న రోజులు. పెట్రోలు సీసాల్లో పోసి బడ్డీకొట్టులో అమ్మిన రోజులు. అప్పట్లో నల్లమల అడవి అంచున రాతిమడుగు అనే ఊరుండేది. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. అడవికి పోయి చీపురుగడ్డి కోసుకొచ్చేది, చీపుర్లు కట్టేది, సంతలో అమ్మేది. చదువు లేదు. పొలం లేదు. పిల్లల్లేరు. మొగుడు కాటమయ్య ఉండేవాడు, కాటమయ్యకొక మోటారుసైకిలుండేది.

ఆ బండి ఎవరో పటాలంలో వాడి వాడి వదిలేసింది. ఎన్ని చేతులు మారి కాటమయ్య చేతికొచ్చిందో ఆయనకే తెలీదు. డుగ్గు డుగ్గుమని మోగుతుంటే చీపుర్ల మోపు కట్టి, భార్యను వెనక కూర్చోబెట్టుకుని సంతకు పోయేవాడు.

ఒక ఎండాకాలం బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. కాటమయ్య ఇంట్లోకి తోసుకొచ్చి ఇంజను విప్పాడు. మరలన్నీ చట్టిలో వేశాడు, గిన్నెలో వేశాడు, చాటలో పోశాడు. "రేపు కిరసనాయిలుతో కడిగి బిగిస్తా" అన్నాడు. తెల్లారేసరికి జ్వరం. వారం తిరక్కుండానే మనిషి పోయాడు.

మనిషి పోయాడు, మరలు మిగిలాయి.

పెద్దదినం అయ్యాక మరిది ఈరప్ప వచ్చాడు. చెడ్డవాడు కాడు, తొందర మనిషి.

"వదినా, పాతినుము బండోడు వచ్చినాడు. దీన్ని ఎత్తిచ్చేద్దామా? ఇల్లంతా ఇదే ఉండాది, కాలు పెట్టేకి చోటు లేదు."

సుంకులమ్మ చాటలో ఉన్న మరల వైపు చూసింది.

"మీయన్న ఇప్పినాడు. నేను బిగిస్తా."

"నువ్వా? చీపురు కట్టినట్టనుకుంటివా?"

"మీయన్న ఇప్పినాడు. నేను బిగిస్తా" అంది మళ్ళీ. ఈరప్ప నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మొదటిసారి ఆమె చూసింది చూసినట్టు బిగించింది. మొగుడు విప్పుతుంటే పక్కన కూర్చుని చూసిందిగా, ఆ గుర్తు మీదే బిగించింది. అంతా అయ్యాక చూస్తే చాటలో గుప్పెడు మరలు మిగిలాయి. కూర మిగిలితే పొద్దునకు పనికొస్తుంది గానీ మర మిగిలితే తప్పినట్టే. మళ్ళీ మొత్తం విప్పింది.

ఈసారి తెలివి చేసింది. నేల అలికి, విప్పిన మరనల్లా వరసగా పెట్టి, దాని చుట్టూ ముగ్గుపిండితో గీత గీసింది. ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, ఏది దేన్ని పట్టుకునుంది, అంతా నేల మీద ముగ్గయింది. గుమ్మం దగ్గరి నుంచి పొయ్యి దాకా ముగ్గే. ఆ నెల రోజులూ ఆమె గోడవార నడిచింది, గోడవార పడుకుంది.

రెండోసారి ఒక్క మర కూడా మిగల్లేదు. పెట్రోలు పోసి, చీర కాసె పోసి కట్టి, కిక్కు కొట్టింది. బండి తిరిగి తన్నింది! కిక్కురాడు వెనక్కొచ్చి మోకాలి కింద ఎట్లా కొట్టిందంటే, కాలు బూరెలా పొంగింది.

ఊళ్ళోవాళ్ళు వచ్చి చూశారు. "మొగుడి బండి మొగుడే తొక్కాల. దానికి నువ్వు పొసగవు తల్లీ" అన్నారు.

వాపు తగ్గాక సుంకులమ్మ కుంటుకుంటూ పేటకు నడిచిపోయింది. అక్కడ రేకుల షెడ్డులో మస్తాన్ సాయిబు అని ముసలి మెకానిక్కు. కళ్ళు సరిగ్గా కనపడవు, చెవులతోనే పని చేసేవాడు.

"సాయిబన్నా, నా బండి తిరిగి తంతాంది."

సాయిబు చేస్తున్న పని ఆపాడు. "గాలి పోతాందా?"

"పోతాందన్నా."

"పెట్రోలు పోతాందా?"

"పోతాంది."

"నిప్పు పడతాందా?"

"పడతాంది. చెయ్యి పెట్టి చూసినా, జివ్వుమనె."

సాయిబు నవ్వాడు. "మూడూ ఉండాయి. అయితే నీ బండి బతికే ఉండాది బేటీ. ఉయ్యాల ఊపినావు గదా? ఉయ్యాల పూర్తిగా నీ దగ్గరికి రాకముందే తోస్తే ఏమయితాది?"

"చేతికి తగుల్తాది."

"అంతే. నిప్పు తొందరపడతాంది. అది పడేచోటు గోరంత ఎనక్కి జరుపు. ఉయ్యాల రానీ, అప్పుడు తొయ్యి."

సుంకులమ్మ లేచి, తాను తెచ్చిన కొత్త చీపురుతో సాయిబు షెడ్డంతా ఊడ్చింది. ఎప్పుడో పోగొట్టుకున్న స్క్రూడ్రైవరు ఆమె ఊడుస్తుంటేనే దొరికిందట ఆయనకి.

మూడోసారి. గోరంత వెనక్కి జరిపింది. కిక్కు కొట్టింది. పలకలేదు. ఇంకోటి కొట్టింది. దగ్గింది. మూడోది కొట్టింది. డుగ్గు! డుగ్గు డుగ్గు! ఇంటినిండా పొగ. పక్కింటి కోళ్ళు కప్పెక్కాయి. వీధంతా పరిగెత్తుకొచ్చింది. సుంకులమ్మ మాత్రం బండి పక్కన నేల మీద కూలబడి, మొగుడు పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ఏమైందంటారా? చచ్చిన బండ్లన్నీ ఆమె ఇంటికొచ్చాయి. కోళ్ళ గూటి కింద పడి ఉన్నవి, గడ్డివాములో కూరుకుపోయినవి, తుప్పు పట్టి నడుం విరిగినవి. "అక్కా, ఇది చచ్చిపోయింది" అనేవాళ్ళు. "ఉండు, అడుగుదాం" అనేది. గాలి అడిగేది, పెట్రోలు అడిగేది, నిప్పు అడిగేది. తెగిన రబ్బరు చెప్పులు కోసి వాషర్లు చేసేది. అట్టపెట్టెలు కత్తిరించి ఇంజను మూతల మధ్య బిగించేది. కొబ్బరిపీచుతో తుప్పు రుద్దేది. బండి లేస్తే వడ్లో, చింతపండో, ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు. ఇట్లా ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో తొమ్మిది మోటారుసైకిళ్ళు, తొమ్మిదీ ఆమె చేతిలో లేచినవే. ఈరప్పదీ అందులో ఒకటి.

ఒక ఏడాది వాన పట్టింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. నాలుగో రోజు కొండ విరిగి ఘాటురోడ్డు మీద పడింది. కొండ మీద తునికిపెంట అని చెంచుల గూడెం. నలభై ఇళ్ళు. దానికీ లోకానికీ దారి తెగిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున గూడెం నుంచి పోతమ్మ అనే ఆమె రాళ్ళు పట్టుకుని దిగి వచ్చింది. "గింజల్లేవు. పొయ్యి రాజేసి మూడు దినాలాయె. పిల్లోళ్ళు లేవలేకుండారు" అని రచ్చబండ మీద కూలిపోయింది.

బస్సు పోదు. లారీ పోదు. ఎద్దులబండి పోదు. మిగిలింది ఒక్కటే, గట్టు మీది నుంచి పోయే కాలిదారి. మూరెడు వెడల్పు. అది సుంకులమ్మకు తన అరచెయ్యిలా తెలుసు, చీపురుగడ్డి కోసం తిరిగిన దారేగా.

"బండ్లు తియ్యండి" అంది.

తొమ్మిది బండ్లు. బండికొక బియ్యం మూట. ముందు సుంకులమ్మ. ఆమె వెనక ఈరప్ప. అందరికన్నా చివర లింగన్న, చేద బావుల్లో పూడిక తీసే మనిషి, బావితాడు మూట మీదే కట్టుకొచ్చాడు. ఆయన బండి అన్నిటికన్నా ముసలిది.

మొదటి వాగు దాటారు. రెండో వాగు దాటారు. మూడో వాగు దాటాక సుంకులమ్మ బండి ఆపేసింది.

"ఏమైంది వదినా?"

"ఎనిమిదే మోగుతాండాయి."

వెనక్కి చూస్తే లింగన్న బండి వాగు నడుమ ఆగిపోయి ఉంది. మోకాళ్ళలోతు నీళ్ళు. లింగన్న హ్యాండిలు పట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు.

ఈరప్పకి కోపమొచ్చింది. "ఒక్క బండి కోసం ఎనిమిది నిలబడాల్నా? పైన పిల్లోళ్ళు ఆకలికి పడుండారు వదినా! వాణ్ణి వదిలేసి పోదాం, తర్వాత చూసుకుందాం."

ఆయన చెప్పింది తప్పని ఎట్లా అంటాం? సుంకులమ్మ కూడా కొండ వైపు ఒకసారి చూసింది, వాగు వైపు ఒకసారి చూసింది. ఆమె మొహంలో భయం ఆ రోజే చూశామని తర్వాత వాళ్ళంతా చెప్పుకున్నారు.

"నీళ్ళు పెరుగుతాండాయి ఈరప్పా. మనం తిరిగొచ్చేసరికి వాడుండడు. బండ్లు ఆపండి."

దిగింది. నలుగురు కలిసి బండిని గట్టుకు లాగారు. ప్లగ్గు విప్పి చూస్తే అంతా తడి. ఒంటి మీద పొడిగుడ్డ లేదు. బియ్యం మూట విప్పి, గుప్పెడు పొడి బియ్యంలో ప్లగ్గును పొర్లించి, ఊది, బిగించింది. లింగన్న ఒక కిక్కు కొట్టాడు. రెండు కొట్టాడు. మూడోదానికి బండి పలికింది.

"ఇప్పుడు పాండి" అంది.

పోగొట్టుకున్న పొద్దంతా తిరిగి సంపాదించాలని ఈరప్ప ముందుకు దూసుకుపోయాడు. ఆఖరి మెట్ట అంతా ఎర్రమన్ను, వానకు జిగురైపోయి ఉంది. సగం ఎక్కాక చక్రం జారింది. బండి, బియ్యం, ఈరప్ప, మూడూ లోయ అంచుకు పోయాయి. వేపచెట్టు వేరొకటి అడ్డం పడి ఆగాయి. కాలు బండి కింద ఇరుక్కుంది. వేరు చిటచిటమంటోంది.

"తాడు!" అని అరిచింది సుంకులమ్మ.

తాడు ఒక్కరి దగ్గరే ఉంది. లింగన్న బండి మీది బావితాడు. విసిరారు, ఈరప్ప నడుముకు చుట్టుకుని కొస బండికి ముడేశాడు, ఎనిమిదిమంది పట్టి లాగారు. మనిషి వచ్చాడు. బండీ వచ్చింది. బియ్యం కూడా వచ్చాయి.

ఈరప్ప చాలాసేపు మన్నులోనే కూర్చున్నాడు. సుంకులమ్మ ఆయన కాలు తడిమి "ఎముక బాగుండాది" అని మాత్రం అంది.

తర్వాత ఒక్కో బండినీ అందరూ తోసి మెట్ట ఎక్కించారు. పైకొచ్చాక మళ్ళీ బయల్దేరబోతూ ఈరప్ప వెనక్కి తిరిగి అరిచాడు.

"ఆఖరి బండి కదిలిందా?"

"కదిలిందన్నా!" అన్నాడు లింగన్న వెనక నుంచి.

అప్పుడు గేరు వేశాడు.

ఆ మధ్యాన్నం తునికిపెంటలో నలభై పొయ్యిలు రాజుకున్నాయి. దారి బాగయ్యేదాకా ఏడు రోజులు తిరిగారు. ఏడు రోజులూ తొమ్మిది బండ్లూ పోయాయి, తొమ్మిదీ వచ్చాయి.

సుంకులమ్మ చాలా ఏళ్ళు బతికింది. చివరికి ఒక మధ్యాన్నం, ఇంటి అరుగు మీద ఎవరిదో కార్బురేటరు ఊదుతూ ఊదుతూ, గోడకు ఆనుకుని పోయింది. ఆడవాళ్ళు స్నానం చేయిస్తూ గోళ్ళలో ఉన్న నలుపును సీకాయతో రుద్దారు, బూడిదతో రుద్దారు, నిమ్మచెక్కతో రుద్దారు. పోలేదు. పోతమ్మ కొండ దిగి వచ్చి ఉంది. "ఉండనీండమ్మా, అది ఆమె గోరింటాకు" అంది. అట్లాగే పంపించారు.

ఇప్పుడు రాతిమడుగులో తొమ్మిది కాదు, లెక్కలేనన్ని బండ్లు. బటన్ నొక్కితే లేచేవే ఎక్కువ. అయినా పెళ్ళయినా, సంతయినా, తిరునాళ్ళయినా, లేచేవేళ ఎవరో ఒకరు అడుగుతారు, "ఆఖరి బండి కదిలిందా?" అని. ఎక్కడో మూలన ఒక ముసలాయన పాత బండికి కిక్కు కొడుతూనే ఉంటాడు. పెళ్ళికొడుకు కారు కూడా ఆగుతుంది. బడిలోనూ ఇదే. పాఠం చదవలేక తడబడే పిల్లను మిగిలినవాళ్ళు నవ్వబోతే, పంతులమ్మ ఆ మాటే అంటుంది. పిల్లలు ఊరుకుని ఎదురుచూస్తారు.

పొరుగూరి వాళ్ళకిది వింత. మొన్న తిరునాళ్ళలో ఒకాయన విసుక్కున్నాడట, "ఎంతసేపయ్యా, ముందు వాళ్ళన్నా పోవచ్చు గదా" అని.

రాతిమడుగు వాళ్ళు ఆయనకు కాస్త మజ్జిగ ఇచ్చి కూర్చోమన్నారు. ఎవరూ గేరు వెయ్యలేదు.