ఎడమ మూల వంకర

జోగారావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. తుడవడం అయ్యేలోగా అడిగినవాడికే జవాబు తట్టిందా, సరే. లేకపోతే ఏదో ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలో ఉండేది; ఏరుకోవడం అడిగినవాడి వంతు.

విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర ఆయనది డబ్బా టీవీలు బాగుచేసే కొట్టు. గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాక అది మూతపడుతుందని అందరూ అనుకున్నారు. పడలేదు. పాత వీడియో గేములు ఆడేవాళ్ళకి పాత టీవీయే కావాలి. కొత్తవాటిలో బటన్ నొక్కాక బొమ్మ ఓ లిప్తపాటు ఆలోచించుకుని గానీ కదలదట. డబ్బా టీవీలో వేలూ బొమ్మా కలిసి గెంతుతాయట. అయితే ఆ టీవీలు ముసలివి. నడుమ బాగానే ఉన్న బొమ్మ అంచుల్లో కుంగుతుంది, మూలల్లో వంగుతుంది. దాన్ని తిన్నగా నిలబెట్టే విద్య కోసమే రాజారత్నం ఓ కంపెనీలో ఉద్యోగం వదులుకుని మాస్టారి దగ్గర చేరాడు. నేర్చుకున్నాడు కూడా. తెర మీద గళ్ళ బొమ్మ వేసుకుని, ప్రతి గీతా బద్ద పెట్టి గీసినట్టు వచ్చేదాకా అన్నం మాట ఎత్తేవాడు కాదు. వంకర గీత కనబడితే అతనికి కంట్లో నలుసు పడ్డట్టే.

ఒక మధ్యాహ్నం నూకాలమ్మ కొట్టు మెట్లెక్కి వచ్చింది. ఈమధ్యనే ఆమె టీవీ బాగుచేసి పంపింది రత్నమే. బొమ్మంతా ముడుచుకుపోయి ఒక్క తెల్లటి గీతగా మిగిలితే, అతుకు వదిలిన చోట టంకం పెట్టాడు. పనిలో పనిగా, ఏళ్ళ తరబడి ఎడమ మూల కిందికి జారిపోయి ఉన్న బొమ్మను కూడా, ట్యూబు వెనక అంటించి ఉన్న చిన్న అయస్కాంతం చోటు మార్చి, సరిచేశాడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"బొమ్మ బాగుపడింది మాస్టారూ. మనిషే పాడైపోనాడు," అని నూకాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆమె భర్త దాలినాయుడు ఓడరేవులో క్రేను నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని కిటికీలోంచి విసిరేశాడు. ఇంట్లో మూలపడి ఉన్న పాత గేము మాత్రం తనంతట తనే అడిగి తీయించుకున్నాడు. గోతుల మీంచి గెంతుకుంటూ పోయే ఓ చిన్న మనిషి ఆట అది. ఆడగా ఆడగా వేళ్ళు కదిలాయి. అన్నం తన చేత్తో కలుపుకునేదాకా వచ్చాడు. టీవీ బాగుపడి ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆ చిన్న మనిషి ప్రతి గోతిలోనూ పడుతున్నాడు. "రోగం మళ్ళీ తిరగబెట్టింది నూకాలూ, ఇంక ఈ చెయ్యి నాది కాదు," అని దాలినాయుడు మంచమెక్కాడు. కదపడం మానేస్తే చెయ్యి పూర్తిగా పోతుందని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ మూల సరిచేసిన సంగతి రత్నం అప్పుడు చెప్పాడు. చెబుతుంటే అతని మొహం మాడిపోయింది. తప్పు చేశానన్న భయం అతనిలో వాదనగా పైకి వచ్చింది.

"వంకరగా ఉన్నదాన్ని తిన్నగా చెయ్యడం కూడా తప్పేనా మాస్టారూ?"

జోగారావు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ముందు ఎంత వంకర ఉండేది?"

"చాలా ఉండేదండీ."

"చాలా అంటే?"

వంకర కనబడగానే దిద్దడానికి చెయ్యి లేచిందే తప్ప, అది ఎక్కడ మొదలై ఎంతదాకా జారుతోందో రత్నం చూడనేలేదు. వెనక్కి తేవాలన్నా ఇప్పుడు దారి తెలియదు.

"అద్దం పట్టుకుని పద," అన్నారు మాస్టారు.

వాళ్ళు ఇంటికి వెళ్ళేసరికి దాలినాయుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రత్నం అతని పక్కన చేరి, టీవీలో బొమ్మ మార్చింది తనేననీ, చెయ్యి ఇంకా పాత వంకర లెక్కనే గెంతుతోందనీ, లోపం చేతిది కాదనీ చెప్పాడు. దాలినాయుడి పెదవి ఒక పక్కకే నవ్వింది. "నాను బెంగెట్టుకుంటానని కతలు చెప్తన్నావా బాబూ?"

ఇంక మాటలతో పని లేదని మాస్టారు టీవీ వెనక మూత విప్పి కూర్చున్నారు. వెనకనుంచి సర్దేవాళ్ళకి తెర కనబడదు. అందుకని ఒకరు ముందు నిలబడి తెరకెదురుగా అద్దం పట్టడం ఈ పనిలో ఆనవాయితీ. రత్నం అలాగే పట్టాడు.

"తెర నాకెందుకు?" అన్నారు జోగారావు. "పక్కకి జరుగు. నాయుడి చెయ్యి కనబడేలా పట్టు."

నూకాలమ్మ భర్తను లేపి కూర్చోబెట్టి, అతని వేళ్ళను ఒక్కొక్కటే గేము పిడి చుట్టూ మడిచింది. ఆమె కోసమే అతను ఆడాడు. చిన్న మనిషి పడ్డాడు. ట్యూబు మెడ దగ్గర రత్నం చోటు మార్చిన ఆ అయస్కాంతాన్ని మాస్టారు పీకి, కాస్త జరిపారు. మళ్ళీ పడ్డాడు. ఇంకాస్త జరిపారు. పిడి వదిలేస్తానన్నట్టు దాలినాయుడు భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రత్నం గీతల్ని కాక ఓ మనిషి బొటనవేలిని అంతసేపు చూడటం అదే మొదలు. అది లేవబోయేది, దేనికోసమో వెతుక్కునేది, దొరక్క వణికేది. చూడలేక అతను కళ్ళు దించుకోబోతుంటే ఆ వేలు ఆగకుండా బటన్ మీదికి దిగింది. చిన్న మనిషి అవతలి ఒడ్డున నిలబడ్డాడు. తరవాతి గొయ్యీ దాటాడు.

దాలినాయుడు ఆట ఆపి తన చేతికేసి చూసుకున్నాడు. "నూకాలూ, ఇది నాదే," అన్నాడు. ఆమె గట్టిగా ఏడ్చేసింది. రత్నం ఆమెకేసి తిరిగితే అద్దమూ తిరిగింది.

"కదపకు," అన్నారు మాస్టారు వెనకనుంచి.

తెర మీద ఎడమ మూల పాత ఇల్లు కుంగినట్టు కుంగి ఉంది. తిరిగి వస్తుంటే రత్నం కళ్ళముందు అదే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"అలా ఉండిపోవలసిందేనా మాస్టారూ? ఇంకెప్పుడూ దిద్దకూడదా?"

"దిద్దుదాం. కొంచెం కొంచెంగా."

"పూర్తిగా తిన్నగా అయ్యేది ఎప్పుడండీ?"

ఈసారి జోగారావు కళ్ళజోడు తీయలేదు.

"నన్నడుగుతావేటి? ఆ చేతినడుగు."