వకుళ ముఖంలో నలుగురు

కొవ్వూరు బస్టాండు ఎదుటి సందులో తెలివంటూ ఎక్కడైనా ఉంటే అది తమ ఫోటో స్టూడియోలోనే ఉందని భద్రమ్మకు గట్టి నమ్మకం. ఊళ్ళో మిగతావాళ్ళ దగ్గర కూడా కాస్త ఉండొచ్చు గానీ, వాళ్ళు దాన్ని వాడగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. భర్త కామేశం ఫోటోలు తీస్తాడు. తమ్ముడు ఏడుకొండలు వాటిని కంప్యూటర్లో దిద్దుతాడు. దిద్దింది బాగుందో లేదో భద్రమ్మ తేలుస్తుంది. మొన్నామధ్య ఎవరిదో ఫోటో చీకటిగా వచ్చిందంటే, ముగ్గురూ కలిసి ఆలోచించి, కంప్యూటర్ని డాబా మీదికి మోసుకెళ్ళి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టారు. ఫోటో బాగుపడలేదు. "ఎండ చాల్లేదు," అని తేల్చింది భద్రమ్మ.

అలాంటి చోటికి ఒక సోమవారం వకుళ వచ్చింది. గ్రంథాలయంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. వయసు పరిమితి ఈ ఏడాదితో సరి. ఈ పరీక్ష తప్పితే ఆ ఉద్యోగం మాట మరిచిపోవాల్సిందే. గడువేమో ఆ సాయంత్రమే. ఫోటో తీయించుకుని, కాగితాలన్నీ భద్రమ్మ చేతిలో పెట్టి, "నిబంధనలన్నీ ఇందులో ఉన్నాయి. వాటి ప్రకారం ఫోటో సరిచేసి పంపేయండి, నా బస్సు వెళ్ళిపోతోంది," అని పరిగెత్తింది.

తీరా చూస్తే ఫోటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

"కళ్ళు తెరిచి ఉండాలని రాశారక్కా," అన్నాడు ఏడుకొండలు.

కామేశం తెర దగ్గరికి వంగి, "అమ్మా, వకుళమ్మా! ఒక్కసారి కళ్ళు తెరవండమ్మా," అన్నాడు.

ఆవిడ తెరవలేదు.

"గట్టిగా పిలవండి," అంది భద్రమ్మ.

గట్టిగా పిలిచాడు. పక్క కొట్లో టైలరు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగి వెళ్ళాడు గానీ, ఫోటోలో ఆవిడ మాత్రం రెప్ప ఎత్తలేదు.

"నిద్రపోయే మనిషిని లేపితే పాపం," అంది భద్రమ్మ. "నా కళ్ళు తీసి పెట్టరా. నేనెలాగూ మెలకువగానే ఉన్నాను."

అంతే. భద్రమ్మకు ఫోటో తీశారు, కళ్ళు కత్తిరించారు, అతికించారు. భద్రమ్మవి చక్రాల్లాంటి కళ్ళు. అవి రెండూ సర్దుకుని కూర్చునేసరికి మధ్యలో ముక్కుకు చోటు లేకుండా పోయింది.

"ముక్కు ఉండాలని రాశారా?"

ఏడుకొండలు కాగితమంతా చదివాడు. "ఎక్కడా రాయలేదక్కా."

"రాయకపోయినా పెట్టాలే. ఊపిరాడొద్దూ?" అన్నాడు జాలిగుండె కామేశం, తన ముక్కు ఇచ్చి. ఆ ముక్కు వెంట మీసం కూడా వచ్చింది. మీసం చెరిపారు. మీసంతో పాటు పెదాలూ పోయాయి. ఇంకేముంది, ఏడుకొండలు నోరు తెచ్చి పెట్టారు. చెవులు రెండూ కనబడాలట. వకుళ చెవుల మీద జుట్టు పడింది. ఏడుకొండలు చెవులు చాటలంత. "అవీ నీవే పెట్టరా, రోడ్డు మీంచి చూసినా కనబడతాయి," అంది భద్రమ్మ.

ఇక మిగిలింది ఒక్క నిబంధన. ఫోటోలో ముఖం ఎనభై శాతం ఉండాలి.

భద్రమ్మ తెర మీద జానపెట్టి కొలిచింది. "ఈవిడకి నిండా నూరు శాతం ఉందిరా! నుదుటి నుంచి గడ్డం దాకా ఏదీ తగ్గలేదు."

"మరి ఇరవై కోసెయ్యనా?"

"కోసెయ్. పైన మాత్రం ముట్టుకోకు, బొట్టు పోతుంది. మహా అపచారం."

గడ్డం కోశారు. దరఖాస్తు పంపారు. కంప్యూటర్ మీద 'ధన్యవాదాలు' అని వచ్చింది.

"చూశారా, మెచ్చుకుంది," అంది భద్రమ్మ.

నెల తిరిగింది. పరీక్ష రోజు పొద్దున్న వకుళ హాల్ టికెట్ అచ్చు తీయించుకుని, చూసుకుని, అటునుంచి అటే స్టూడియోకి వచ్చిపడింది.

"ఇదెవరు?"

"మీరేనండీ."

"నా కళ్ళేవి?"

"నిద్రపోతుంటే లేపలేదండీ. ఇవి నావి," అంది భద్రమ్మ. "ముక్కు మా ఆయనది. నోరూ చెవులూ మావాడివి. నుదురు, జుట్టు, చీర అచ్చంగా మీవే. ఒట్టు, వాటి జోలికి పోలేదు."

వకుళ స్టూలు మీద కూలబడింది. "ఇక్కడేం రాశారో చదవండమ్మా. ఫోటోలో ఉన్నవాళ్ళే పరీక్షకు రావాలి. లేకపోతే గుమ్మం తొక్కనివ్వరు. నా బతుకు బుగ్గి చేశారు కదా!"

భద్రమ్మ చదివింది. మళ్ళీ చదివింది. ముఖం వెలిగిపోయింది. "దీనికింత ఏడుపెందుకమ్మా? ఫోటోలో ఉన్నవాళ్ళని రమ్మన్నారు. వస్తాం. ఏవండీ, షట్టర్ దించండి. తమ్ముడూ, చెవులు కడుక్కో."

అంతే, నలుగురూ ఒకే ఆటోలో పరీక్ష కేంద్రానికి బయల్దేరారు. దారిలో భద్రమ్మ వకుళ గడ్డం చుట్టూ తువ్వాలు బిగించి కట్టింది. "ఇక్కడ ఇరవై శాతం తగ్గాలి. మాటిమాటికీ లాక్కోకండి."

గేటు దగ్గర అధికారి హాల్ టికెట్ చూశాడు. నలుగురినీ చూశాడు. "ఇందులో అభ్యర్థి ఎవరు?"

"అందరం కొంచెం కొంచెం సార్," అన్నాడు కామేశం.

"కళ్ళు నేను," అంది భద్రమ్మ, రెప్ప వేయకుండా. ఏడుకొండలు పక్కకు తిరిగి చెవి చూపించాడు.

వకుళ తువ్వాలు పీకి పారేసి, ఆధార్ కార్డు తీసి, జరిగిందంతా చెప్పుకుంది. మధ్యలో భద్రమ్మ రెండు చోట్ల తప్పులు దిద్దింది. కార్డు సరిపోయింది, సంతకం సరిపోయింది. అధికారి నోటికి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని చాలాసేపు దగ్గాడు.

"ఈవిణ్ణి రాయనిస్తాను. కానీ పరీక్ష అయ్యేలోగా ఈవిడ ఫోటో నా చేతికి రావాలి. రాకపోతే పేపరు దిద్దరు. మీ దిద్దుబాట్లు ఒక్కటి కూడా వద్దు. మనిషి ఎలా ఉంటే అలా తీయండి. తెలిసిందా?"

"వీళ్ళు వద్దు సార్!" అని వకుళ అంటూనే ఉంది, ఈలోగా గంట మోగింది. ఇంకేముంది, లోపలికి పరిగెత్తింది.

కామేశం స్టూడియోకి వెళ్ళి కెమెరా తెచ్చాడు. వరండాలో కిటికీ పక్కన నుంచుని చూస్తే, వకుళ కిటికీకి వీపు పెట్టి, తల వంచుకుని రాసేస్తోంది.

"పిలవనా?" అన్నాడు.

భద్రమ్మ ఆయన నోరు మూసింది. "ఎలా ఉంటే అలా అన్నారు. పిలిస్తే తిరుగుతుంది. తిరిగితే మార్చినట్టు కాదూ? ఉద్యోగం పోతుంది ఆ అమ్మాయికి!"

అంతే. తీశారు, అచ్చు వేశారు, ఇంకా అరగంట ఉందనగానే అధికారి చేతిలో పెట్టారు. ఆయన ఫోటో చూశాడు. నల్లటి జడ. జడకో క్లిప్పు.

"ముఖం ఏదమ్మా?"

ఇంత చదివి ఏం లాభమని భద్రమ్మకు జాలేసింది. "జడ ఇటుంటే ముఖం ఎటుంటుంది సార్?" అని ఫోటోను వెనక్కి తిప్పి చూపించింది.

వెనక తెల్ల కాగితం.

అధికారి జేబులోంచి తన సెల్ ఫోన్ తీసుకుని వకుళ కూర్చున్న గదిలోకి తనే నడిచాడు.

భద్రమ్మ ఆ తెల్ల కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నిట్టూర్చి తమ్ముడి చేతికిచ్చింది.

"ఆయన అలా వెళ్ళిపోయాడంటే వెళ్ళిపోడూ మరి! ముఖం మరీ తెల్లగా వచ్చింది. పట్టుకెళ్ళి కాస్త తెలుపు తగ్గించుకురా."