గవరమ్మ ఇంటి వంపు

ఊరు చిన్నది, రాజ్యం అంతకన్నా పెద్దదేమీ కాదు, రాజుగారి మీసాలు మాత్రం చెవులదాకా ఉండేవి. అలాంటి ఒకానొక రాజ్యంలో, కొండవాగు అనే ఊళ్ళో, ఒక కోట లేచింది.

కోటంటే మనమెరిగిన రాతికోట కాదు. రాజా నరసింగరాయలవారు ఐరోపా చూసి, అక్కణ్ణుంచి ఒక దొరను వెంటబెట్టుకొచ్చి కట్టించిన మహలు. బరోక్ పద్ధతి అంటారట దాన్ని. అందులో ఒక్క స్తంభమూ తిన్నగా ఉండదు, పిండిన తడిబట్టలా మెలి తిరిగి ఉంటుంది. ఎక్కడైనా ఖాళీ గోడ కనిపిస్తే దొరకు నిద్రపట్టదు. గచ్చుతో పూలదండో ద్రాక్షగుత్తో అంటించేస్తాడు. దర్బారు కప్పు నిండా రంగురంగుల మబ్బులు, ఆ మబ్బుల్లో రెక్కలున్న పసిపిల్లలు.

"పాపం, పసిగుడ్డల ఒంటిమీద నూలుపోగు నేదు. జలుబు సెయ్యదేటి బాబూ?" అంది గవరమ్మ ఆ కప్పు చూసి.

గవరమ్మ రాజుగారి దాది. పురిట్లోనే తల్లి పోతే, ఆ బిడ్డను గుండెలకు హత్తుకుని పెంచింది ఆవిడే.

మహలుకు ఒక నియమం ఉండేది. కుడివైపు ఏముంటే ఎడమవైపూ అదే ఉండాలి. ఒకవైపు తలుపు ఉండి రెండోవైపు కుదరకపోతే, అక్కడ గోడమీద తలుపు బొమ్మ వేయించేవారు. దివాన్‌గారు అలాంటి తలుపులోంచి విసురుగా వెళ్ళబోయి ముక్కు పచ్చడి చేసుకున్నారు కూడా.

"కంటికి రెండూ ఒకటే కదా. ఇంకేం కావాలి?" అనేవారు రాజుగారు మీసం దువ్వుతూ.

కుడివైపు భాగం వాగు గట్టుదాకా పూర్తయింది. ఎడమవైపు భాగం సగంలో ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా దాని దారిలో గవరమ్మ పెంకుటిల్లు ఉంది.

"దసరా దర్బారు నాటికి కోట పూర్తి కావాలి. ఇల్లు తీసేయండి. ఆవిడకు మహల్లో పాలరాతి గది ఇస్తాం" అని సెలవిచ్చారు రాజుగారు.

ఆస్థానంలో పేరిశాస్త్రి అని ఒక ముసలాయన ఉండేవాడు. రాజుగారికి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఇప్పుడాయన పని సభను నవ్వించడం, అప్పుడప్పుడు రాజుగారిని సుతారంగా గిల్లడం. ఆ మాట వినగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ ఇల్లు అలాగే ఉండనిస్తే..." అన్నాడు.

రాజుగారు నవ్వారు. "మా నియమం నీకు తెలుసుగా శాస్త్రీ! కుడివైపు సరిగ్గా అలాంటి ఇల్లు ఒకటి చూపించు. దీన్నీ ఉంచుతాం."

సభంతా ఘొల్లుమంది. కుడివైపు గోడ దాటితే వాగే. అక్కడ ఇల్లు కాదు కదా, పిట్టగూడు కట్టడానికి కూడా చోటు లేదు.

ఆ సాయంత్రం శాస్త్రి గవరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ అరుగుమీద కూర్చుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది.

"పాలరాతి గదికి ఎళ్ళిపోమంటన్నారు శాస్తుర్లుబాబూ. నాకా మేడలో దారి తెల్దు. సినబాబుకి ఈ ఇంటి దారి తెలుసు. ఇది నేకపోతే ఆడెక్కడికొస్తాడు?"

"రాజయ్యాక వస్తున్నాడా?"

ఆవిడ మళ్ళీ చేట ఆడించింది. ఇంతలో కొండమీద ఎక్కడో ఉరిమింది. గవరమ్మ చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, వీధితలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడింది.

"ఎవరొస్తారని?" అన్నాడు శాస్త్రి.

"ఎవురూ రారు బాబూ. అలవాటు."

శాస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. రాజుగారికి చదువు చెప్పే రోజుల్లో ఉరుము వినిపిస్తే చాలు, పలక ఒకచోట, బలపం ఒకచోట, శిష్యుడు మాయం! వెతుక్కుంటూ వస్తే ఈ ఇంట్లో, ఈవిడ కొంగుకింద దొరికేవాడు. ఇప్పటికీ మబ్బు గట్టిగా ఉరిమితే రాజుగారికి హఠాత్తుగా పూజవేళ అవుతుందని కూడా ఆయన గమనించకపోలేదు. ముసలాయనకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఒక ఆలోచనా వచ్చింది.

మర్నాటినుంచి, తలుపు బొమ్మలు వేసే చిత్రకారుడు కుడివైపు చివరిగోడ మీద, ముంగిలివైపు, పనిలో దిగాడు. గవరమ్మ ఇల్లు ఉన్నదున్నట్టు దిగింది. అదే పెంకు, అదే అరుగు, కప్పుమీద పొగ, వాకిట్లో కోడి, ఓరగా తెరిచిన తలుపు. బొమ్మ పూర్తయినా శాస్త్రి మాత్రం రాజుగారిని పిలవడే! ఎప్పుడడిగినా, "ఇంకా కోడికి కాలివేళ్ళు దిద్దాలి ప్రభూ" అంటాడు, ఆకాశంకేసి చూస్తాడు. ముసలాయనకు మతి చలించిందని అందరూ జాలిపడ్డారు.

ఒక మధ్యాహ్నం కొండ వెనకనుంచి కాటుకమబ్బు లేచింది. శాస్త్రి పంచె ఎగ్గట్టి పరుగున వెళ్ళాడు.

"ప్రభూ, ఇల్లు సిద్ధం! ఈ క్షణమే దయచేయాలి!"

రాజుగారు, దొర, దివాను, పరివారమంతా కదిలారు. బొమ్మ చూసి రాజుగారు మురిసిపోయారు. "సెబాష్! అచ్చం అదే!" కాసేపు చూసి మీసం మెలేశారు. "అసలుదానికంటే ఇదే నయం. పొగ కమ్మదు, కోడి అరవదు. ఆ ఇల్లు పడగొట్టి కొత్త గోడమీద ఇలాంటిదే ఇంకొకటి వేయించండి. రెండువైపులా సమానం. కంటికి రెండూ ఒకటే కదా!"

ఈ మాట వస్తుందని శాస్త్రి అనుకుంటూనే ఉన్నాడు. అనుకున్నంత మాత్రాన భయం పోదు కదా. మబ్బు చూస్తే ఇంకా కొండ దిగలేదు.

"చిత్తం. అయితే ఈ పెంకు పనితనం కూడా కాస్త చిత్తగించండి ప్రభూ. ఈ పొగ చూడండి, కళ్ళు మండటం లేదూ? ఈ కోడి కాలివేళ్ళు..."

"చాల్లేవయ్యా, పద..." అనబోయారు రాజుగారు.

ఫెళఫెళమని ఆకాశం విరిగిపడింది.

రాజుగారు చిన్నప్పటిలా "గవ్వమ్మా!" అని కేకపెట్టి, ఎదురుగా ఓరగా తెరిచి ఉన్న తలుపులోకి దూరారు. దూరారంటే, దూరబోయారు. ముక్కు గోడకు కొట్టుకుంది, కిరీటం దొర్లిపోయింది. పైన కుండపోత వాన.

అంత హోరులోనూ ఎడమవైపు చివరినుంచి ఒక గొంతు వినిపించింది. "సినబాబూ! ఇటు రా నానా! ఈ తలుపు తీసే ఉంది!"

నరసింగరాయలవారు ఇంకేమీ చూడలేదు. జరీ అంగీ బురదలో ఈడ్చుకుంటూ, పరివారమంతా నోరెళ్ళబెట్టి చూస్తుండగా, ముంగిలి దాటి పరుగెత్తి ఆ గుమ్మంలో పడ్డారు.

శాస్త్రి తడిసి ముద్దై వచ్చేసరికి, గవరమ్మ రాజుగారి తల కొంగుతో తుడుస్తోంది. "మీసాలొచ్చినా భయం పోనేదేటిరా" అంటోంది. రాజుగారి చేతిలో వేడి చోడిజావ.

"శాస్త్రీ, కోడి కాలివేళ్ళంటూ నువ్వు కాచుకున్నది ఈ ఉరుము కోసమేనా?" అన్నారు రాజుగారు, కందిన ముక్కు తడుముకుంటూ.

"చిత్తం. కంటికి రెండిళ్ళూ ఒకటే ప్రభూ. ముక్కుకు తేడా తెలిసింది."

రాజుగారు జావ ఒలికేలా నవ్వారు. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి. "నిన్ను మరిచిపోయానే అమ్మా" అన్నారు గవరమ్మతో. ఆవిడ "జావ సల్లారిపోద్ది, తాగు" అంది.

వెనకే వచ్చిన దొర గొడుగుకింద గొణిగాడు. "ఇల్లు ఉంచితే గోడ దాని చుట్టూ వంపు తిరగాలి. కుడివైపు లేని వంపు ఎడమవైపు ఉంటే నియమం ఏం కావాలి?"

"దొరగారూ," అన్నాడు శాస్త్రి, "మనిషిని కట్టిన మేస్త్రీ కళ్ళు రెండు పెట్టాడు, చెవులు రెండు పెట్టాడు. గుండె దగ్గరికొచ్చేసరికి ఎడమపక్కన ఒక్కటే పెట్టి ఊరుకున్నాడు. కుడివైపు జత లేదని ఎవరైనా తీయించుకున్నారా?"

దొర తన పటం విప్పి, ఎడమవైపు గీత తుడిచి, కొత్తగా వంపు గీసుకున్నాడు.

దసరా దర్బారులో శాస్త్రికి దుశ్శాలువ కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు రాజుగారు. "ఉరిమినప్పుడల్లా నాకూ ఒక లోటా జావ ఇప్పించండి" అన్నాడాయన.

ఇప్పుడు ఆ మహలు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎడమవైపు వంపు ముందు నిలబడి, ఆహా, ఏం కళ అంటారు. ఆ వంపులో గవరమ్మ గుమ్మానికి ఎదురుగా ఒక చిన్న తలుపు ఉంటుంది, నిజం తలుపు. దానికి జతగా కుడివైపు బొమ్మయినా లేదు. రాజుగారే వేయించవద్దన్నారు.