బొండాడ వారు బోటు కట్టిన వైనం

తెలివి వాడితే అరిగిపోతుందని బొండాడ వాళ్ళకి గట్టి నమ్మకం. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని కొత్తది కొత్తగానే దాచుకున్నారు. చోడవరంలో బెల్లం వ్యాపారం వాళ్ళది. పెద్దాయన గౌరునాయుడు, ఆయన తమ్ముడు అప్పలనాయుడు, వాళ్ళిద్దరూ "అప్పా" అని పిలిచే అక్క పైడమ్మ. "మనకి చెప్పింది చెప్పినట్టు చేస్తాం. లోకంలో ఎంతమంది చేస్తారు, చెప్పు?" అని రోజూ అన్నాలయ్యాక ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుని పడుకుంటారు.

గౌరునాయుడికి ఒక్కతే కూతురు, సుజన. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. "ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఆ పిల్లకే" అని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళకేం, ఏదైనా అంటారు.

సుజనకి తుని సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు లోవరాజు. గ్రీసు దేశంలో ఒక చిన్న ద్వీపంలో తెరచాప బోట్ల మీద పని చేస్తాడు. ఎండాకాలం అంతా వాళ్ళకి టూరిస్టుల సీజను, సెలవు ఇవ్వరు. అందుకని పెళ్ళి అక్కడే అన్నారు. సుజనకి లోవరాజంటే ప్రాణం, చంద్రమండలంలో పెళ్ళన్నా వెళ్ళేదే. కాకపోతే కాబోయే అత్తగారు నూకాలమ్మ ముందే తెగేసి చెప్పింది.

"పదకొండున్నరకి ముహూర్తం. అది దాటితే మళ్ళీ మాఘమాసం దాకా మంచి రోజు లేదు. అప్పటిదాకా కూర్చునే ఓపిక నాకు లేదమ్మా. తునిలోనే ఇంకో పిల్లని చూసుకుంటాను."

"పదకొండున్నర కదా, ఎంతసేపు!" అన్నాడు గౌరునాయుడు.

సరే, అందరూ విమానం ఎక్కారు. సీటు బెల్టు పెట్టుకోమని లైటు వెలిగినప్పుడల్లా గౌరునాయుడు పెట్టుకునే ఉన్న బెల్టు విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు విప్పకుండా కూర్చుంటే, "చదువుకున్నోళ్ళే, కానీ మాట వినరు" అని జాలిపడ్డాడు.

పెళ్ళివారి ఊరికి ఎదురుగా ఉన్న బుల్లి ద్వీపంలో విడిది ఇచ్చారు. పెళ్ళిరోజు పొద్దున్నే లోవరాజు ఒక తెరచాప బోటు పంపించాడు. దాని కెప్టెన్ బుంగమీసాల గ్రీకాయన. మంచివాడు, పాపం. అందరినీ ఎక్కించుకుని, ఇంజను స్టార్ట్ చేసి, రెండు జాగ్రత్తలు చెప్పాడు. సుజన తెలుగులో చెప్పింది.

"నీళ్ళలోకి ఏది దిగినా సరే, లైఫ్ జాకెట్ ఉండాలంట."

"అలాగే" అన్నారు ముగ్గురూ.

"ఇందులో ఆటోమేటిక్ మిషను ఉందంట. ఎదురూరికి దారి పెట్టేశాడంట. ఇక నేను లేకపోయినా ఇది వెళ్ళిపోద్ది అంటున్నాడు."

"ఓహో!" అన్నారు ముగ్గురూ.

తర్వాత సుజన కింద గదిలోకి పోయి జడ వేసుకుంటోంది. కెప్టెన్ సిగరెట్లు కొనుక్కొస్తానని సైగ చేసి దిగాడు. అంతే. గౌరునాయుడు తాడు విప్పేశాడు.

"ఆయన రావద్దేటి?" అంది పైడమ్మ.

"తను లేకపోయినా వెళ్ళిపోద్దని తనే చెప్పాడు కదప్పా. ఇంకా ఆయన కోసం ఆగితే, ఆయన మాట మీద మనకి నమ్మకం లేనట్టు ఉండదూ? బాధపడతాడు."

కెప్టెన్ గట్టు మీద గెంతుతూ ఏవో అరుస్తున్నాడు. వీళ్ళు దణ్ణాలు పెట్టారు. ఎంత మంచి మనిషి, సాగనంపడానికి అంతలా గెంతుతున్నాడు!

ఇంకేముంది, బోటు సముద్రం దాటి పెళ్ళివారి ఊరి రేవు ముందుకు వచ్చేసింది. అక్కడ రాతి గట్టు పొడుగూతా బోట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక చివర పేద్ద ఫెర్రీ ఉంది, నాలుగంతస్తుల మేడలాగా. గట్టు మీద లోవరాజు పట్టుపంచె, నుదుటికి బాసికంతో నించున్నాడు. పక్కన నూకాలమ్మ, పంతులుగారు. అప్పటికి పదకొండు.

"మావయ్యా! కెప్టెన్ ఏడీ?" అని అరిచాడు లోవరాజు.

"అవసరం లేదన్నాడు, వదిలేసి వచ్చాం!"

లోవరాజు ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. పెళ్ళి కదా, కోపం తెచ్చుకోకూడదు. "సరే, మెల్లగా రండి మావయ్యా, మెల్లగా!" అన్నాడు.

గౌరునాయుడు బోటు మీద మునివేళ్ళ మీద నడవడం మొదలెట్టాడు. తమ్ముడూ అప్పా కూడా. దొంగల్లాగా ఒక్కో అడుగే వేస్తున్నారు. బోటు మాత్రం వచ్చే వేగంలోనే వస్తోంది.

"మీరు కాదు, బోటు! ఆ ఎర్ర పిడి కిందకి లాగండి!"

లాగారు. బోటు నెమ్మదించింది. లోవరాజుకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంకో చిక్కుంది. ఆ ఊళ్ళో పద్ధతి ఏంటంటే, బోటు ముందు నుంచి లంగరు వేసుకుని, వెనక్కి నడుపుకుంటూ వచ్చి, వెనక భాగాన్ని గట్టుకి ఆనించి కట్టాలి. అలా అయితేనే మనుషులు పలక మీద నుంచి దిగగలరు.

"మావయ్యా! ఇక్కడ ఎవరైనా గట్టుకి వీపు పెట్టి రావాలి. అది ఈ ఊరి పద్ధతి!"

"పద్ధతంటే పద్ధతే" అన్నాడు గౌరునాయుడు. అంతే, ముగ్గురూ గట్టుకి వీపులు తిప్పి నించున్నారు. పైడమ్మ అయితే పమిట కూడా సర్దుకుంది, వెనక నుంచి చక్కగా కనపడాలని.

నూకాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఏరా, వియ్యానికొచ్చి మాకు వీపు చూపిస్తారేట్రా? ఇదేం మర్యాద?"

"అమ్మా, నువ్వుండు. మావయ్యా, వీపు మీది కాదు, బోటుది!"

"బోటుకి వీపేటి బాబూ?" అన్నాడు అప్పలనాయుడు తల తిప్పకుండానే. "చేపకే లేదు."

ఈ గోలకి సుజన పైకి వచ్చింది, జడ సగం వేసుకుని. లోవరాజు చెప్పింది చెప్పినట్టు చక్రం తిప్పింది. బోటు గుండ్రంగా తిరిగింది. చూశారా, చదువుకున్న పిల్ల!

"ఇప్పుడు లంగరు! లంగరు నీళ్ళలోకి వదలండి!"

గౌరునాయుడూ అప్పలనాయుడూ ముందుకి పరిగెత్తారు. లంగరు ఎత్తబోతుంటే పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండ్రా. నీళ్ళలోకి ఏది దిగినా జాకెట్ ఉండాలన్నాడు కదా ఆయన!"

"అప్పా, నువ్వు లేకపోతే ఏమైపోదుమో" అన్నాడు తమ్ముడు. ముగ్గురూ కూర్చుని ఆ ఇనప లంగరుకి నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగారు. బెల్టులు పెట్టారు. మెడ దగ్గర బిగుతుగా ఉందేమోనని కాస్త వదులు చేశారు.

"ఏం చేస్తున్నారక్కడ?" అని గట్టు మీద నుంచి కేక.

"తయారు చేస్తున్నాం బాబూ! గొలుసు ఎంత వదలమంటావ్?"

"ఉన్నదంతా వదలండి! టైమవుతోంది!"

వదిలారు. జాకెట్టుతో సహా లంగరు బుడుంగున మునిగింది. గొలుసంతా గడగడా పోయింది. బోటు వంకరగా వస్తోంది కాబట్టి అది పక్కనున్న బోట్ల గొలుసుల మీదుగా అడ్డంగా పడింది. పడితే పడింది, మునగడం ముఖ్యం.

"పాపం, ఈత రానట్టుంది" అంది పైడమ్మ.

గౌరునాయుడు ఇక్కడే మొదటిసారి భయపడ్డాడు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. నూకాలమ్మ పంతులుగారిని చూస్తోంది. సుజన లోవరాజుని చూస్తోంది, కళ్ళలో నీళ్ళు. "నాన్నా, పదకొండూ పది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది" అంది.

"ఏడవకే తల్లీ. ఇహ నుంచి అబ్బాయి చెప్పినదాంట్లో ఒక్క ముక్క వదలం, ఒక్క ముక్క కలపం" అని ఒట్టేశాడు తండ్రి. మంచి రోజు చూసి మంచి ఒట్టే వేశాడు.

"తాడు విసరండి!" అన్నాడు లోవరాజు.

అప్పలనాయుడు తాడు చుట్ట మొత్తం ఎత్తి విసిరాడు. అంతా వెళ్ళి గట్టు మీద పడింది. ఈ కొసా, ఆ కొసా.

"మొత్తం ఎందుకు విసిరారు చిన్నమావయ్యా? ఒక కొస మీ దగ్గర ఉంచుకోవాలి!"

"ముందే చెప్తే ఉంచుకుందును కదా. నా దగ్గర ఉంచుకోవాలని నాకు మాత్రం ఉండదా?"

లోవరాజు తాడు తిరిగి బోటు మీదకి విసిరాడు. "ఇదిగో, ఈ కొస గట్టిగా పట్టుకోండి. ఏమైనా సరే వదలకండి! నేను లాగుతాను!"

అప్పలనాయుడు పట్టుకున్నాడు. లోవరాజూ, అక్కడున్న ఇద్దరు గ్రీకువాళ్ళూ కలిసి ఒక్క లాగు లాగారు. బోటు బరువెక్కడ, అప్పలనాయుడు బరువెక్కడ!

"ఆగండి బాబూ, నేను జాకెట్ వేసుకోలే..."

బుడుంగు.

నీళ్ళలో కూడా తాడు వదల్లేదు మహానుభావుడు. అలాగే లాక్కెళ్ళి గట్టు మీదకి చేర్చారు. ఇప్పుడు తాడు రెండు కొసలూ గట్టు మీదే, అప్పలనాయుడు కూడా గట్టు మీదే. బోటు మాత్రం నీళ్ళలో.

"చూశావా, వదల్లేదు" అన్నాడు ఆయన, ముక్కులోంచి సముద్రం కారుతుంటే.

"ఒరే లోవా," అంది నూకాలమ్మ, "ఈ ఇంట్లో పిల్లని తెచ్చుకుంటే మనవలు కూడా ఇలాగే పుడతార్రా. ఆలోచించుకో."

"అమ్మా, సుజన అలాంటిది కాదు. దానికి బుర్ర ఉంది" అన్నాడు లోవరాజు. పదకొండూ ఇరవై. ఇంతలో గాలి దయతలిచి బోటునే గట్టు దగ్గరికి నెట్టింది. లోవరాజు తాడు ఒక కొస పట్టుకుని ఒక్క గెంతు గెంతి బోటు మీద పడ్డాడు. "పంతులుగారూ, మంగళసూత్రం పట్టుకుని మీరూ ఎక్కేయండి. పెళ్ళి బోటు మీదే!"

పంతులుగారు ఎక్కారు, నూకాలమ్మ మాత్రం మూతి ముడుచుకుని గట్టు మీదే ఉండిపోయింది. వీళ్ళ మీద నమ్మకం లేక, బోటు వైపు తాడు కొస లోవరాజు తనే స్వయంగా కట్టాడు. ఏళ్ళ తరబడి చేసిన పని, చచ్చినా ఊడని ముడి. తర్వాత గట్టు మీదున్న అప్పలనాయుడితో అన్నాడు, "చిన్నమావయ్యా, మీకు పుణ్యం ఉంటుంది. ఆ రెండో కొస, కదలకుండా ఉన్నదేదైనా చూసి గట్టిగా కట్టేయండి. కట్టి వచ్చేయండి."

అని పెళ్ళిపీట మీద కూర్చున్నాడు. అదే అతను చేసిన తప్పు.

అప్పలనాయుడు తాడు పట్టుకుని వెతకడం మొదలెట్టాడు. ఎదురుగానే ఇనప దిమ్మ ఉంది, బోట్లు కట్టడానికే పాతింది. దాని మీద పిల్లి పడుకుంది. ఈయన్ని చూసి పిల్లి కదిలింది. "లాభం లేదు" అనుకున్నాడు. దీపస్తంభం ఉంది. దాని జెండా కదులుతోంది. కాఫీ హోటల్ స్తంభం ఉంది. దానికి ఆనుకున్న ముసలాయన దగ్గాడు. ఇలా ఒక్కోటీ తీసేసుకుంటూ చివరికి పోయేసరికి, ఆ పేద్ద తెల్ల ఫెర్రీ! వచ్చినప్పటి నుంచి చూస్తున్నాడు, అంగుళం కదల్లేదు. పిల్లి లేదు. దాని వెనక ఒక ఇనప కడియం కూడా ఉంది, వీళ్ళ కోసమే చేయించినట్టు.

అంతే. ఐదు ముళ్ళు వేశాడు. వచ్చి బోటు ఎక్కి, "కట్టేశాను బాబూ. మేడంత దానికి!" అన్నాడు.

"చాలా సంతోషం మావయ్యా" అన్నాడు లోవరాజు, తలెత్తకుండా. జీలకర్రా బెల్లం పెడుతున్నాడు.

పదకొండూ ఇరవై తొమ్మిది. పంతులుగారు మంగళసూత్రం చేతికిచ్చారు. "ముహూర్తం దగ్గర పడింది. వాద్యాలేవి నాయనా? గట్టిమేళం!"

వాద్యాలేవీ లేవు. ఇంకేముంది, సరిగ్గా అప్పుడే ఫెర్రీ భోంయ్‌మని ఊదింది. రేవంతా అదిరింది. "మేళం!" అని అరిచింది పైడమ్మ. లోవరాజు మూడు ముళ్ళూ వేసేశాడు. సుజన కళ్ళు తుడుచుకుంది. పదకొండున్నర!

అక్షింతలు పడుతుండగా లోవరాజుకి గట్టు కదులుతున్నట్టు అనిపించింది. గట్టు కాదు.

"చిన్నమావయ్యా... దేనికి కట్టారు?"

"కదలనిదానికే కట్టాను. కట్టాక అది కదిలితే నాదేటి తప్పు?"

తాడు బిగిసింది. బోటు ఫెర్రీ వెనకాల బయల్దేరింది. దాని లంగరు పక్క బోటు గొలుసుని పట్టింది, ఆ గొలుసు ఆ పక్కదాన్ని. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది... గట్టు పొడుగూతా ఉన్న బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. వాటి మీద టిఫిన్ తింటున్న తెల్లవాళ్ళు ప్లేట్లతో సహా లేచి నించున్నారు.

"ఊరేగింపు లేదన్నారు కదమ్మా వియ్యపరాలుగారూ" అన్నాడు గౌరునాయుడు, గట్టు వైపు చేతులు జోడించి. "ఇంత పెట్టారా మా పిల్లకి!"

"ఊరేగింపు కాదు! ఫెర్రీవాళ్ళని ఆపమని చేతులు ఊపండి!" లోవరాజు గొంతు చించుకున్నాడు.

ముగ్గురూ చేతులు ఊపారు. ఫెర్రీ మీదున్న వందమందీ సంతోషంగా తిరిగి ఊపారు. ఫెర్రీ కెప్టెన్ ఇంకోసారి భోంయ్‌మనిపించాడు.

"కత్తి! ఆ చక్రం పక్కనున్న కత్తితో తాడు కొయ్యండి మావయ్యా!"

గౌరునాయుడు కత్తి తీసుకుని ముడి దగ్గరికి వెళ్ళాడు. బిగుసుకున్న వైపు బాగా లాగుతోంది, ముట్టుకుంటే ప్రమాదం. ముడికి ఇవతల మిగిలిన తోక ముక్క ఖాళీగా వేలాడుతోంది. దాన్ని శ్రద్ధగా కోసి, తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

లోవరాజు ఆ ముక్కని చూశాడు. మావగారిని చూశాడు. ఈ ఇంట్లో తనకి ఇక మిగిలింది ఒక్కతే అనుకుని, సుజన చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే నూకాలమ్మ గట్టు వెంట పరిగెడుతూ వస్తోంది. ఎంతైనా తల్లి, కోపం కరిగిపోయింది. తాళి పడింది, కోడలు కోడలే. రొప్పుతూ కేకేసింది.

"అమ్మా సుజనా! ముహూర్తానికే అయిందే తల్లీ! కుడికాలు ముందు పెట్టి మా ఇంటికి రావే!"

సుజన మొహం వెలిగిపోయింది. "వస్తున్నానత్తయ్యా!" అంది.

"సుజనా, ఆగు, అది..." అన్నాడు లోవరాజు.

చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. తల వంచుకుని, నిమ్మళంగా, కుడికాలే ముందు పెట్టింది, సముద్రంలో.

వెనకొస్తున్న బోటువాళ్ళు వెంటనే వంగి చెయ్యందించారు. ఎడమ చేత్తో బోటు అంచు పట్టుకుని, నోట్లోంచి ఉప్పునీళ్ళు ఊస్తూ, సుజన మాత్రం పైకి రానంటే రానంది. తడి చీరలో చిక్కుకున్న కుడికాలు ముందుగా బోటు మీద పడేదాకా ఎవరూ తనని లాగడానికి వీల్లేదంది.