కొంగ లెక్కపెట్టిన బుడగలు

చిత్తడికోన అడవిలో చలికి తెలిసిన మందు ఒక్కటే, నెగడు. మార్గశిరం రాగానే జంతువులన్నీ తలా ఒక మోపు కట్టె తెచ్చి దిబ్బమీద పేర్చేవి. పుష్యమంతా ఆ కట్టె మండేది, పిల్లాపాపలతో చుట్టూ చేరి వీపులు కాచుకునేవి. పొగకి కళ్ళు మండితే మండేవి గానీ, చలికి చచ్చినవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడు సింహరాజుగారికి దూరదృష్టి పుట్టింది. రాజులకి పుట్టకూడనివి కొన్ని ఉంటాయి, అందులో అదొకటి.

"ఏటికేడూ కట్టె కోసం వెతుక్కోవడం ఏం బతుకయ్యా? పాతికేళ్ళకి సరిపడా ఏర్పాటు కావాలి" అన్నారు కొలువులో.

ఆ మాట కోసమే కాచుక్కూచున్న నక్క ముందుకొచ్చింది. "ప్రభూ, మన చిత్తడి అడుగున మండే గాలుంది. బుడగలు బుడగలుగా పైకొస్తోంది. వెదురు గొట్టాలేసి ఇంటింటికీ తెచ్చుకుంటే గడపలోనే మంట, గడపలోనే వెలుగు. పొగా లేదు, మోపులు మోసే పనీ లేదు."

"ఎంతుంది గాలి?"

"రేపు పొద్దున్నే కొంగగారు లెక్కపెడతారు. లెక్కల్లో ఆయన్ని మించినవారెవరు ప్రభూ!"

ఆ అడవిలో బూదయ్య అని ఒక ఎద్దు. బూడిద రంగు, మాట తక్కువ, మెడ గట్టిది. ఈమధ్యే అతని చెల్లెలు కన్నుమూస్తూ మూడు వారాల పెయ్యదూడని అతనికి అప్పజెప్పి పోయింది. పేరు చుక్కి. ఒంటిమీద బొచ్చైనా సరిగా మొలవని పిల్ల. దాన్ని ఈ పుష్యం దాటించడమొక్కటే బూదయ్యకున్న కోరిక.

మర్నాడు తెల్లారుతుంటే నీళ్ళకి వెళ్ళిన బూదయ్యకి గేదెల మంద ఎదురైంది. కొమ్ముల దాకా బురదే.

"ఏం ఈరమ్మత్తా, ఈ చలిలో పొద్దున్నే బురదస్నానమేంటి?"

"ఏం చెప్పను నాయనా! నక్కబావ కబురెట్టాడు. మందంతా పోయి కాసేపు దొర్లి రండి, అవతలి గట్టు పచ్చికంతా మీకే ఇప్పిస్తా అన్నాడు. మాదేం పోయింది, దొర్లాం."

వాళ్ళ వెనక చిత్తడి అన్నం కుండలా కుతకుతలాడుతోంది. గట్టున ఒంటికాలిమీద నిలబడి కొంగ బుడగలు లెక్కపెడుతోంది. పక్కన రాజుగారు, నక్క.

బురద కెలికితే బుడగలు రావడం బూదయ్య ఎరగనిదా? చెబుదామని రెండడుగులు వేశాడు కూడా. అంతలో చుక్కి గుర్తొచ్చింది. గడపలోనే మంట! ఇది నిజమైతే ఎంత బాగుండు అనిపించింది. అలా అనిపించాక ఇక నోరు పెగల్లేదు. పెద్దవాళ్ళు చూసుకుంటార్లే అనుకుని నీళ్ళు తాగి వచ్చేశాడు.

కొంగ ఆ ఒక్క పొద్దుటి బుడగల్ని పాతికేళ్ళతో హెచ్చవేసి తాటాకు మీద ప్రణాళిక రాసింది. కొలువులో తాబేలు తాత ఒక్కడే గొణిగాడు. "ఒకపూట చూసి పాతికేళ్ళ లెక్కా ప్రభూ? మబ్బుల్ని చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టుంది."

"తాతకి కొత్తదంటే భయం" అంది నక్క. అందరూ నవ్వారు. బూదయ్య నవ్వలేదు, మాట్లాడనూ లేదు.

నెలరోజుల పాటు వెదురంతా బూదయ్యే లాగాడు. ఉత్తరపు గాలికి అడ్డంగా ఉన్న వెదురు పొదలన్నీ గొట్టాలైపోయాయి. అప్పుడు నక్క మళ్ళీ రాజుగారి చెవి దగ్గర చేరింది. "కట్టె అందుబాటులో ఉంటే గొట్టాల మొహం ఎవరు చూస్తారు ప్రభూ? ఇంత పెట్టుబడీ మట్టిపాలే." దాంతో నెగడు నిషేధమైంది. దిబ్బమీది కట్టెంతా కాపలా పేరుతో నక్క గుహకి చేరింది.

ముట్టించిన మొదటిరోజు గొట్టాల చివర మిణుగురంత మంట వెలిగింది. రెండోరోజు అదీ లేదు.

బూదయ్య కొంగ దగ్గరికి పరుగెత్తాడు. "కొంగ మావా, చలికి తట్టుకోలేకపోతున్నాం."

కొంగ తాటాకు తిప్పి చూసింది. "ప్రణాళిక ప్రకారం ఈ పుష్యంలో ఎవరికీ చలి వేయకూడదే!"

"వేస్తోంది మావా. పిల్ల నీలుక్కుపోతోంది."

"అయితే అది ప్రణాళికలో లేని చలి" అని కొంగ రెండోకాలు కూడా రెక్కల్లోకి లాక్కోబోయి, పడిపోతానేమోనని మానుకుంది.

అక్కణ్ణుంచి నక్క గుహకి వెళ్ళాడు. లోపల కట్టె చిటపటలాడుతోంది. "రెండు మోపులియ్యి బావా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"నాదైతే ఇవ్వనా బావా? రాజాజ్ఞ. నేను కాపలావాణ్ణి" అంటూ నక్క వెచ్చగా ఆవులించింది.

మూడురోజులు ముసురు, అడ్డులేని ఉత్తరపు గాలి. బూదయ్య తన ఒంటినే గోడ చేసి చుక్కిని పొదువుకున్నాడు. నాలుగోరోజు పొద్దున చుక్కి లేవలేదు. చాలాసేపు దాన్ని నాకుతూనే ఉన్నాడు. తన మెడతో లాగిన వెదురే దాని ఊపిరి తీసిందని తెలిసి, ఎద్దు పుట్టుక పుట్టినందుకు మొదటిసారి ఏడ్చాడు.

కొలువు కూడింది. "గొట్టాలు పొట్టివయ్యాయి ప్రభూ, గాలి ఇంకా లోతులో ఉంది. రెండో విడత వేద్దాం" అంది నక్క. కొంగ కొత్త తాటాకు తీసింది.

బూదయ్య లేచాడు. "గాలీ లేదు, పాడూ లేదు ప్రభూ. లెక్కరోజున నక్క గేదెల్ని పంపి బురద కెలికించింది. నా కళ్ళారా చూశాను."

నక్క మొహం పాలిపోయింది. సింహరాజుగారు మాత్రం బూదయ్యనే చూస్తున్నారు.

"ఎప్పుడు చూశావు?"

"లెక్కరోజునే."

"తెలిసీ నెలంతా వెదురు లాగావా?"



"చూశారా!" అంది నక్క, పోయిన ప్రాణం తిరిగొచ్చి. "గాలి లేదని తెలిసి రాజుగారి దగ్గర దాచాడు. ఇంత పెట్టుబడి మునగడానికి కారణం ఇతను కాదూ?"

అవునన్నట్టు తలలూగాయి. తప్పు రాజుగారి లెక్కలో ఉందనడం కంటే ఎద్దు నోట్లో ఉందనడమే అందరికీ తేలిక. రెండో విడత వెదురంతా బూదయ్య ఒక్కడే లాగాలని తీర్పయింది.

బూదయ్య పోయి కాడి కింద మెడ పెట్టాడు.

నిజాన్ని తెలిసిన పూటే చెప్పాలి. పొద్దుపోయాక చెప్పిన నిజం చెప్పినవాడి మెడకే కాడి.